హాస్టల్లో రోజంతా కూర్చునే గడుస్తోంది, ఈ అలవాటు తగ్గించుకోవడం ఎలా?

“అనంతపురంలో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. తరగతులు, రీడింగ్ రూము, ఫోను అన్నీ కలిపి రోజంతా కూర్చునే గడుస్తోంది. నడుం నొప్పి మొదలైంది, ఆరు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. జిమ్‌కు వెళ్లడానికి డబ్బూ లేదు, తీరికా లేదు. పగలు ఎండ, సాయంత్రం ఆరున్నరకే హాస్టల్ గేటు వేసేస్తారు. ఏం చేయాలి?” అని అడిగారు. చదువుతుంటే పదేళ్ల కిందటి నా గది గుర్తుకొచ్చింది. నేనూ ఈ ఊళ్లోనే గణితంలో ఎమ్మెస్సీ చేశాను, ఆడపిల్లల హాస్టల్లోనే ఉన్నాను. ఇప్పుడు ఇక్కడే డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వైద్యురాలిని కాను. నాకు ఏం జరిగిందో, నేను ఏం చేశానో, దానివల్ల ఏం మారిందో మాత్రమే చెప్పగలను.

ముందుగా ఒక విషయం. జిమ్, ఎండ, గేటు అంటున్నారంటే మీ ఆలోచన అంతా వ్యాయామానికి వేళ ఎలా కుదురుతుందా అన్న దాని మీదే ఉందన్నమాట. వ్యాయామం లేకపోవడం ఒక సమస్య. గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఇంకో సమస్య. ఈ రెండింటినీ నేను చాలాకాలం ఒకటే అనుకున్నాను. పొద్దున్నే అరగంట నడిచేదాన్ని, ఇక ఆ రోజుకు నా వంతు అయిపోయిందని మిగతా పగలంతా కుర్చీ వదిలేదాన్ని కాదు. మిమ్మల్ని ఇప్పుడు దెబ్బ తీస్తున్నది ఈ రెండోదే. దీన్ని చక్కదిద్దడానికి గేటు తెరిచి ఉండనక్కర్లేదు, ఎండ తగ్గనక్కర్లేదు.

నా సంగతి చెబుతాను. రెండో సంవత్సరంలో, అధ్యాపక ఉద్యోగానికి అర్హత ఇచ్చే నెట్ పరీక్షకు చదవడం మొదలుపెట్టి, ఊళ్లో ఒక స్టడీ హాలులో నెలకింత అని డబ్బు కట్టి చేరాను. అక్కడ ఫ్యాను కింద, చార్జింగ్ ప్లగ్గు పక్కన ఉండే కుర్చీ దొరకడమే గొప్ప. లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. అందుకని లేచేదాన్ని కాదు. ఇంకో కారణం కూడా ఉంది, ఆడపిల్లలం కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. అక్కడి బాత్రూముకు వెళ్లాలంటేనే భయం వేసేది. వెళ్లకుండా ఉండాలంటే నీళ్లు తాగకూడదు. అనంతపురం ఎండల్లో, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అరగ్లాసు నీళ్లతో కూర్చున్న రోజులు ఎన్నో ఉన్నాయి. మా బెంచీలో ఉన్న నలుగురు అమ్మాయిలమూ అంతే. ఒకరికొకరం చెప్పుకోలేదు కానీ అందరికీ తెలుసు.

అలా ఆరు నెలలు గడిచాక ధర్మవరంలో మా పెదనాన్న కూతురి పెళ్లికి వెళ్లాను. భోజనాలకు చాప మీద బంతిలో కూర్చున్నాను. తిన్నాక లేవబోతే నడుం పట్టేసి లేవలేకపోయాను. ఎంగిలి చేయి నేలకు ఆనించలేక, ఎడమ చేత్తో పక్కవాళ్లను పట్టుకోబోతుంటే, అరవై దాటిన మా మేనత్త తాను చటుక్కున లేచి నా రెక్క పట్టుకుని పైకి లాగింది. నాకు అప్పుడు ఇరవై మూడేళ్లు. అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం గొంతు పూడుకుపోయింది.

డాక్టరు దగ్గరికి వెళితే ఎముకల్లో తేడా ఏమీ లేదన్నారు. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగారు. మా నాన్నకు ఉంది. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష రాశారు. 5.9 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. మందులు ఇవ్వలేదు. “ఒక రోజు పొద్దున నుంచి రాత్రి దాకా ఎంతసేపు కూర్చున్నావో నిజాయితీగా రాసుకుని రా” అన్నారు, అంతే.

రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నిద్ర లేచాక మంచం మీద గోడకు ఆనుకుని చదువు, గంటన్నర. ఉగ్గాని తినడం, పావుగంట. తరగతులు, మూడు గంటలు. భోజనం, 25 నిమిషాలు. తర్వాత మంచం మీద ఫోను, 50 నిమిషాలు. ఊళ్లోకి బస్సు, 25 నిమిషాలు. స్టడీ హాలు, నాలుగు గంటలు. మళ్లీ బస్సు, 25 నిమిషాలు. మళ్లీ ఫోను, అరగంట. రాత్రి భోజనం, 20 నిమిషాలు. రాత్రి చదువు, రెండు గంటలు. కూడితే 13 గంటల 40 నిమిషాలు. ఆ మొత్తం చూసి ఆశ్చర్యపోయాను కానీ, నన్ను భయపెట్టింది పక్కన రాసుకున్న ఇంకో అంకె. స్టడీ హాలులో ఒక్కసారి కూడా లేవకుండా ఏకబిగిన కూర్చున్నది 2 గంటల 40 నిమిషాలు.

మీరూ ముందు ఈ పని చేయండి. ఒక మామూలు రోజు చాలు. మొత్తం గంటలు ఒక పక్క, ఏకబిగిన కూర్చున్న గంటలు ఇంకో పక్క రాయండి. ఫోను పట్టుకుని మంచం మీద వాలిన సమయం కూడా లెక్కే. నిద్ర కాకుండా, మెలకువలో కూర్చునో వాలో ఉండి, ఒంటికి శ్రమ దాదాపు లేకుండా గడిపే సమయమంతా ఇందులోకే వస్తుంది.

ఏకబిగిన కూర్చోవడం గురించి ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలి. మన ఒంట్లో పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. అవి కదిలితే రక్తంలోని చక్కెరను లాక్కుని వాడుకుంటాయి. అవి ఊరికే ఉంటే మెస్సులో తిన్న అన్నం తాలూకు చక్కెర రక్తంలో ఎక్కువసేపు తిరుగుతూ ఉంటుంది. పిక్కలు కదలకపోతే కాళ్లలోకి దిగిన రక్తం పైకి ఎక్కడం మందగిస్తుంది. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులకు నేరుగా రక్తనాళాలు దాదాపు ఉండవు. మనం వంగుతూ, లేస్తూ, నడుస్తూ ఉంటేనే వాటికి పోషణ బాగా అందుతుంది. ఆస్ట్రేలియాలో కొంచెం బరువు ఎక్కువున్న పెద్దల మీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2012లో వచ్చాయి. ఐదు గంటలు కదలకుండా కూర్చున్న రోజుతో పోలిస్తే, ప్రతి 20 నిమిషాలకూ లేచి రెండే రెండు నిమిషాలు మెల్లగా నడిచిన రోజున, ఆహారం తీసుకున్నాక పెరిగే చక్కెర దాదాపు నాలుగో వంతు తగ్గింది. చెమట పట్టేంత నడక కూడా కాదు అది. ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు దారి కనిపించింది.

ఇంకో పక్క కూడా చెప్పాలి. పది లక్షల మందికి పైగా జనం వివరాలు కలిపి 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన విశ్లేషణలో, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో వ్యాయామం చేసేవారికి, ఎనిమిది గంటలకు మించి కూర్చున్నా దానివల్ల వచ్చే అదనపు ప్రాణాపాయం కనిపించలేదు. అంటే గట్టి వ్యాయామం కూర్చున్న దోషాన్ని చాలావరకు కడిగేస్తుంది. కానీ రోజూ గంటా పావు దొరికే పిల్లలు మన హాస్టళ్లలో ఎందరు? దొరికితే వదలకండి. దొరకనప్పుడు కూర్చునే గంటలను ముక్కలు చేయడమే మన చేతిలో ఉన్న పని.

ముక్కలు చేయడం ఎలా? మొదట ఫోనులో అలారం పెట్టుకున్నాను. వారం కూడా సాగలేదు. రీడింగ్ రూములో మోగితే అందరూ తలెత్తి చూస్తారు. మోగకుండా అదిరేలా పెడితే, ఆపడానికి ఫోను చేతిలోకి తీసుకున్న నేను ఇరవై నిమిషాలు అందులోనే ఉండిపోయేదాన్ని. కూర్చున్న చోటే.

దారి మా నాన్న చూపించారు. ఆయన ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. గుంట మగ్గం. పొద్దున గుంటలో కాళ్లు పెడితే చీకటి పడే దాకా అదే ఆయన లోకం. నడుం నొప్పి గురించి మా ఇళ్లలో తెలిసినంతగా ఏ ఆసుపత్రిలోనూ తెలియదేమో. సెలవులకు వెళ్లినప్పుడు నా గొడవ చెబితే, నాడె ఆపకుండానే నీళ్ల కుండ వైపు చూపించారు. మా ఇంట్లో కుండ ఎప్పుడూ వెనక వాకిలి దగ్గరే ఉంటుంది, మగ్గానికి దూరంగా. పట్టు మీద చుక్క పడితే మరక అవుతుందని అలా పెడతారని నేను అనుకునేదాన్ని. అది నిజమే. ఇంకో కారణం మా తాత చెప్పారట. నీళ్లు మగ్గం దగ్గరికి రాకూడదు, నేసేవాడే నీళ్ల దగ్గరికి వెళ్లాలి. దాహం వేసినప్పుడల్లా గుంటలోంచి లేస్తాడు, నాలుగు అడుగులు వేస్తాడు, నడుం నిలుస్తుంది. మా అమ్మ జాలిపడి ఒక వేసవిలో చెంబు మగ్గం పక్కన పెడితే నాన్నే తీసి మళ్లీ వాకిట్లో పెట్టారట.

హాస్టల్‌కు తిరిగి రాగానే నా రెండు లీటర్ల సీసాను పెట్టెలో పెట్టేశాను. ఒక చిన్న స్టీలు గ్లాసు మాత్రం బల్ల మీద ఉంచుకున్నాను. మంచినీళ్ల కూలర్ వరండా చివర ఉండేది, మా గది నుంచి 62 అడుగులు. గ్లాసు ఖాళీ అయితే లేవాల్సిందే. నీళ్లు తాగితే కాసేపటికి బాత్రూముకు లేవాల్సిందే. ఇక అలారంతో పని లేదు, ఒళ్లే లేపుతుంది. మన ఊరి ఎండలు ఇందుకు కలిసొస్తాయి, ఏప్రిల్, మే నెలల్లో రోజుకు పన్నెండు, పదమూడు సార్లు తిరిగేదాన్ని. స్టడీ హాలు మానేశాను. డబ్బు కట్టిన నెల ఇంకా సగం మిగిలి ఉంది, అయినా మానేశాను. నీళ్లు తాగడానికి భయపడాల్సిన చోట కూర్చుని ఏ చదువూ చదవకూడదని ఇప్పటికీ నా విద్యార్థినులకు చెబుతాను. శుభ్రమైన బాత్రూము లేని రీడింగ్ రూములో చేరకండి. చేరేముందే చూసుకోండి, అడగడానికి సిగ్గుపడకండి.

నాకు గ్లాసు కంటే ఎక్కువ మేలు చేసింది నల్లబల్ల. సాయంత్రం నాలుగున్నరకు తరగతులు అయిపోయాక గదులు ఖాళీగా ఉంటాయి కదా. నేను, ఇద్దరు స్నేహితురాళ్లు అనుమతి తీసుకుని ఒక గదిలో చేరేవాళ్లం. ఒకరు బల్ల మీద సిద్ధాంతం నిరూపించాలి, మిగిలిన ఇద్దరూ పక్కన నిలబడి తప్పులు పట్టాలి. ఎవరూ కూర్చోకూడదని నియమం. గంటన్నర ఎలా గడిచిందో తెలిసేది కాదు. చేయి పైకెత్తి రాయడం, వెనక్కి నడిచి దూరం నుంచి చూసుకోవడం, మళ్లీ వెళ్లి తుడవడం, అరచేతి నిండా సుద్ద పొడి. కాగితం మీద పదిసార్లు చదివినా పట్టుబడని, కాంపాక్ట్‌నెస్ అనే గణిత భావన తాలూకు నిరూపణలు బల్ల దగ్గర నిలబడి నోటితో చెబితే పట్టుబడ్డాయి. ఆ గంటన్నర చదువులోంచి పోలేదు, చదువులో కలిసింది. మీది ఏ సబ్జెక్టో రాయలేదు. రసాయన శాస్త్రమైతే చర్యల క్రమాలు, జీవశాస్త్రమైతే బొమ్మలు, బల్ల మీద వేయడానికి తగనిది ఏముంటుంది? గది దొరకకపోతే హాస్టల్ గోడకు ఒక తెల్లబోర్డు తగిలించండి.

ఇంకొన్ని చిన్న మార్పులు. ఇంటికి ఫోను చేస్తే కూర్చుని మాట్లాడకూడదని పెట్టుకున్నాను. మా అమ్మతో రోజూ ఇరవై నిమిషాలు వరండాలో తిరుగుతూనే మాట్లాడేదాన్ని. వీడియో పాఠాల్లో చూడాల్సినవి కూర్చుని చూసి, వింటే సరిపోయేవి నడుస్తూ వినేదాన్ని. బట్టీ పట్టాల్సినవి పుస్తకం చేతిలో పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ చదివేదాన్ని, మా చిన్నప్పుడు ఇళ్ల ముందు అందరూ అలాగే చదివేవారు. భోజనం తర్వాత పది నిమిషాలు మంచం ఎక్కేదాన్ని కాదు. ఆ పది నిమిషాలు మధ్యాహ్నం వరండాలో, రాత్రి మిద్దె మీద. షుగర్ విషయంలో నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదేనని నా నమ్మకం. కుర్చీలోంచి లేచేటప్పుడు చేతులు ఆనించకుండా, కాళ్ల బలంతోనే లేవడం కూడా అప్పుడు అలవాటు చేసుకున్నదే. పెళ్లి బంతిలో జరిగింది మళ్లీ జరగకూడదని.

ఊరికే నిలబడితే సరిపోతుందా అని మీకు అనుమానం రావచ్చు. కదలకుండా గంటల తరబడి నిలబడినా కాళ్లు వాస్తాయి, నడుం లాగుతుంది. కూర్చోవడం, నిలబడటం, నడవడం మారుతూ ఉండాలి.

చెల్లీ, మనల్ని కుర్చీకి కట్టేస్తున్నది సోమరితనం అని మాత్రం అనుకోకండి. మనకు చిన్నప్పటి నుంచీ అలా నేర్పారు. “కుదురుగా కూర్చో” అన్నది మన ఇళ్లలో మెచ్చుకోలు మాట. కుదురు లేని పిల్ల అంటే తిట్టు. బడిలో లెక్క తప్పుగా చేస్తే లేచి నిలబడమంటారు, ఇంకా కోపం వస్తే బెంచీ ఎక్కిస్తారు. ఒప్పు చెప్తే కూర్చోమంటారు. అంటే నిలబడటం శిక్ష, కూర్చోవడం బహుమానం అయిపోయింది. నేను మొదటిసారి డిగ్రీ తరగతిలో అరగంట పాఠం అయ్యాక “అందరూ లేచి నిలబడి ఈ లెక్క చేయండి” అంటే, వెనక బెంచీలో ఒక అబ్బాయి బిక్కమొహం వేసుకుని “మేడం, మేమేం చేశాం?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు అలవాటైపోయింది, నేను మర్చిపోతే వాళ్లే గుర్తుచేస్తారు.

రోజంతా కూర్చోవడం వల్ల వచ్చే హానిని చాలా ముందే గమనించినవారు ఉన్నారు. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన బృందం బస్సు డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి 1953లో వేసిన వ్యాసాలు ఈ శాస్త్రానికి పునాది లాంటివి. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే వేళలు. రోజంతా కూర్చునే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువ, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లకు తక్కువ. ధర్మవరం బస్సెక్కినప్పుడల్లా, కిక్కిరిసిన జనంలోంచి తోసుకుంటూ తిరిగే కండక్టరును చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది.

ఆడపిల్లల విషయంలో పరిస్థితి ఇంకా కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2024లో వెలువరించిన అంచనా ప్రకారం, 2022లో మన దేశంలో పెద్దల్లో దాదాపు సగం మందికి చాలినంత శరీరశ్రమ లేదు. పురుషుల్లో 42 శాతం, స్త్రీలలో 57 శాతం. వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు శ్రమ ఉండాలన్నది ఆ లెక్కకు ఆధారం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీ గేటును అడిగితే చెబుతుంది. మైదానంలో ఆటలన్నీ అబ్బాయిలవే, మన ఆట చూడటం వరకే. ఇదే ఊళ్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామంలో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు హాకీ కర్రలు పట్టుకుని పరుగెత్తుతుంటే చూశాను. దారి తెరిస్తే ఆడటానికి ఆడపిల్లలు సిద్ధమే. మీరు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఉంటే ఆ విశాలమైన ఆవరణ మీకు వరం. పొద్దున ఆరు నుంచి ఏడు మధ్య ఇద్దరు ముగ్గురు కలిసి తిరగండి. ఊరి మధ్యలో ఉంటే తరగతి నుంచి తరగతికి, మెస్సుకు, గ్రంథాలయానికి వెళ్లే నడకను వాహనానికి ఇచ్చేయకండి.

ఫలితం సంగతి. ఐదు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 5.6 వచ్చింది. బరువు నాలుగు కిలోలు తగ్గింది. మెస్సులో మూడోసారి అన్నం వేయించుకోవడం కూడా అప్పుడే మానేశాను, కాబట్టి అంతా నడక వల్లేనని చెప్పను. నడుం నొప్పి తగ్గడానికి మూడు నెలలు పట్టింది. పరీక్షల ముందు రెండు వారాలు గ్లాసు మర్చిపోయి మళ్లీ సీసా పెట్టుకున్నాను, నొప్పి తిరిగొచ్చింది. ఇప్పుడు కూడా జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో తొంగిచూస్తుంది. మీకు నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా, రాత్రి పడుకున్నా తగ్గకపోయినా నా మాటలు పక్కన పెట్టి వెంటనే డాక్టరుకు చూపించుకోండి. ఐదు కిలోలు ఆరు నెలల్లో అంటున్నారు కాబట్టి ఒకసారి థైరాయిడ్, షుగర్ పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది.

గేటు గురించి చివరగా. మా హాస్టల్లోనూ ఆరున్నరకే వేసేవారు, మిద్దె తలుపుకు తాళం ఉండేది. గేటు తెరవమని అడిగితే రెండేళ్లయినా ఒప్పుకునేవారు కాదు. మేము మిద్దె తాళం అడిగాం. ముప్పై నలుగురం సంతకాలు పెట్టి, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే అని, ప్రతి రోజూ ఇద్దరు బాధ్యులుగా ఉంటారని, తాళం తిరిగి ఎవరికి ఇస్తామో కూడా లేఖలో రాశాం. వార్డెన్ మేడం నాలుగు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. మొదటి రాత్రి పదకొండు మందిమి ఎక్కాం. ఎవరో రింగు తెచ్చారు, ఇంకెవరో తాడు తెచ్చారు. పగటి ఎండకు కాలిన మిద్దె ఇంకా వెచ్చగానే ఉంది, చెప్పులు విప్పి నడిచాం. నెల తిరిగేసరికి చోటు చాలక గదుల వారీగా వంతులు వేసుకోవాల్సి వచ్చింది. మీ హాస్టల్లో మిద్దె ఉందో లేదో చూడండి. ఉంటే లేఖ ఎలా రాయాలో అడగండి, మేము రాసిన దాని నకలు నా పాత ఫైల్లో ఉంది, వెతికి పెడతాను.